ఎలుక మీద పడాల్సిన నింద

సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అనగానే చుట్టాలందరూ మనం కంప్యూటర్లు రిపేరు చేస్తామనుకుంటారని జోకులేసుకుంటాం కదా. పెళ్ళిలో ఎవరో బాబాయి పట్టుకుని ప్రింటరు పనిచెయ్యట్లేదంటే "నాది బ్యాకెండ్ బాబాయ్, అది వేరే డిపార్ట్‌మెంటు" అని తప్పించుకుంటాం. (బ్యాకెండ్ అంటే ఆయనకి ఏం అర్థమైందో నాకిప్పటికీ అనుమానమే.) ఈసారి మాత్రం తప్పించుకోవడానికి దారి లేకపోయింది. ఆ కంప్యూటరు మా నాన్నది. అందులో లినక్స్ ఎక్కించిన ఘనుణ్ణి నేను. పాడైంది మౌసు. మౌసే అని తేలడానికి మూడు నెలలు పట్టింది, పూర్తిగా మౌసు కాదని తేలడానికి ఇంకో అరగంట.

ముందు కాస్త ఉపోద్ఘాతం. మా నాన్న నరసరావుపేట దగ్గర ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్లో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. మా వీధిలో ఇప్పటికీ ఆయన "ఆపరేటరు గారే". పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ఇంట్లో కంప్యూటరు 2014లో నేను పదో తరగతి పాసైనప్పుడు కొన్నది, నాలుగో తరం ఐ3 ప్రాసెసర్‌తో అసెంబుల్ చేయించింది. నేను హైదరాబాదు వచ్చేశాక అది నాన్నదైపోయింది. మధ్యలో ఒక ఎస్‌ఎస్‌డీ, ఇంకో 4 జీబీ ర్యామ్ వేసిచ్చాను, అంతే. పెన్షను కాగితాలు, సుడోకు, ఫోటోలు, అన్నిటికన్నా ముఖ్యంగా మా రామాలయం కమిటీ లెక్కలు. చందాలెవరిచ్చారు, కల్యాణానికి ఎంతైంది, పందిరివాడికి ఎంత బాకీ, అన్నీ ఆయన దగ్గరే. ఆరేళ్ళ లెక్కలు, ఒక్క రూపాయి తేడా లేకుండా.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసరైనా ఉండాలి, టీపీఎం 2.0 ఉండాలి. మా ముసలి ఐ3కి ఆ యోగం లేదు. బాగా నడుస్తున్న పెట్టెని పారేసి కొత్తది కొనడానికి నాన్న ఒప్పుకోరు, నాకూ మనసొప్పలేదు. దీపావళికి ఇంటికెళ్ళి లినక్స్ మింట్ వేసేశాను, తేలిగ్గా ఉంటుందని ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో. మెనూ ఎడంపక్క కింద మూలనే ఉంది, లెక్కల షీట్లు లిబ్రెఆఫీసులో తెరుచుకున్నాయి, నాన్న కూడా "బానే ఉందిరా, అదే ఇల్లు, సున్నం వేయించినట్టుంది" అన్నారు. నా లాప్‌టాప్‌లో అలవాటైన నాలుగైదు సర్దుబాట్లు దీనికీ చేసి, ఛాతీ విరుచుకుని హైదరాబాదు బస్సెక్కాను.

వారం తిరక్కుండా ఫోను.

"ఒరే, మౌసు కన్ను మూసేస్తోందిరా."

"కన్నేంటి నాన్నా?"

"కింద ఎర్ర లైటు. రెండు సెకన్లు ముట్టుకోకపోతే ఆరిపోతోంది. కదిలిస్తే లేవట్లేదు. నొక్కితే లేస్తోంది, కానీ ఆ నొక్కుడు వృథా. మళ్ళీ నొక్కాలి."

ఈ వాక్యాలు మళ్ళీ ఒకసారి చదవండి. లక్షణం, ఎంతసేపటికి వస్తోంది, ఏం చేస్తే పోతోంది, దానివల్ల నష్టమేంటి. మా ఆఫీసులో పదేళ్ళ అనుభవమున్న టెస్టర్లు కూడా ఇంత శుభ్రమైన బగ్ రిపోర్టు రాయరు. అంత శుభ్రమైన రిపోర్టు విని నేనేమన్నానంటే, "పాతదైపోయింది నాన్నా, కొత్తది పంపిస్తాలే." అప్పుడు నేను వేరే మీటింగులో ఉన్నాను, చెవిలో ఒకరు, ఫోన్లో ఒకరు.

మూడొందల యాభై పెట్టి కొత్త మౌసు ఆర్డరు చేశాను. అది వెళ్ళింది. మళ్ళీ ఫోను. ఇదీ కన్ను మూస్తోంది. పైగా కోడిగుడ్డంత ఉంది, అరచేతిలో ఆనట్లేదు. మళ్ళీ పాతదే తగిలించుకున్నారు. తర్వాత వేరే ఫిర్యాదులు మొదలయ్యాయి. ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టవుతోంది. ఫోల్డరు తెరుద్దామని నొక్కితే తెరుచుకోదు, జరుగుతుంది. ఒక్కోసారి పెట్టిన చోట ఉండట్లేదు.

నేను చాలా తర్కబద్ధంగా ఆలోచించాననుకున్నాను. మౌసు మార్చాం, అయినా సమస్య పోలేదు. కాబట్టి సమస్య మౌసులో లేదు. ఆపరేటింగ్ సిస్టం లక్షలమంది వాడుతున్నదే, వాళ్ళెవరికీ లేని రోగం దీనికెందుకుంటుంది? మిగిలింది ఎవరు?

"నాన్నా, మౌసు మార్చినా అదే వస్తోందంటే మౌసుది కాదు. నీ చెయ్యి కొంచెం వణుకుతోందేమో చూసుకో. నెమ్మదిగా నొక్కు."

నవ్వుతూనే అన్నాను. అవతల ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. "సరేలే" అని పెట్టేశారు.

ఆ తర్వాత నవంబరు, డిసెంబరు ఒక్క ఫిర్యాదు లేదు. ఫిర్యాదులు ఆగిపోతే సమస్య తీరిపోయిందనుకోవడం మన వృత్తిలో ఉన్న జబ్బు. నా లెక్కలో ఆ టికెట్ క్లోజయిపోయింది.

2026 సంక్రాంతికి ఇంటికెళ్ళాను. కంప్యూటరు మీద పాత తువ్వాలు కప్పి ఉంది. దుమ్ము పడకుండా అనుకున్నాను గానీ, తువ్వాలు మీద కూడా దుముంది. వంటింట్లో అరిసెల పాకం దగ్గర కూర్చుని అమ్మ గొంతు తగ్గించి చెప్పింది.

"లెక్కల ఫైలు కనపళ్ళేదంటరా. కార్తీక మాసం ఖర్చులు చదవమంటే మీ నాన్న దగ్గర కాగితం లేదు. ఎవరో కుర్రాడు 'పెద్దాయనకి వయసైపోయింది, ఇంక మాకిచ్చెయ్యండి' అన్నాడంట. ఆయన ఏమీ అనకుండా వచ్చేశారు. అప్పట్నుంచి కాఫీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటున్నారు. నీకు ఫోన్లో చెప్పొద్దన్నారు."

పాకం ముదిరిపోతోందని నన్ను అవతలకి పొమ్మంది. వెళ్ళాను.

భోగి మంట ఆరాక తువ్వాలు తీసి కూర్చున్నాను. ముందు పోయిన ఫైలు. పేరు పెట్టి వెతికితే అర నిమిషంలో దొరికింది. "ఆలయం 2025" అనే ఫోల్డరు మొత్తం వెళ్ళి, డెస్క్‌టాప్ మీద దాని పక్కనే ఉండే "అక్క పెళ్ళి ఫోటోలు" అనే ఫోల్డర్లో దూరి కూర్చుంది. ఎవరూ తుడిచెయ్యలేదు, ఎక్కడికీ పోలేదు. ఒక ఫోల్డర్లోకి ఏదైనా కొత్తగా చేరితే ఆ ఫోల్డరు ఆఖరిగా మారిన సమయం కూడా మారుతుంది కాబట్టి ఎప్పుడు దూరిందో కూడా తెలిసింది. నవంబరు చివర, ఒక సాయంత్రం ఆరుంపావు. కరెక్టుగా నాన్న సుడోకు ఆడే వేళ.

"దొరికింది నాన్నా! పక్క ఫోల్డర్లో పడిపోయింది, అంతే" అన్నాను, ఏదో సాధించినట్టు.

నాన్న కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. సంతోషం కనపడలేదు. "నా చెయ్యి వణుకుతోందన్నావు కదా ఫోన్లో. లాగ్ చూసే చెప్పావా?"

నేను నోరు తెరిచి మూశాను.

"ఫీడరు ట్రిప్పయిందనుకో. రిలే మీద ఏ ఫ్లాగు పడిందో చూసి లాగ్‌బుక్కులో రాసుకోకుండా ఏఈకి ఫోను చేస్తే ఏమంటాడో తెలుసా? 'ఓవర్ కరెంటా, ఎర్త్ ఫాల్టా?' అంటాడు. తెలీదంటే ఫోన్లోనే తలంటేస్తాడు. గంట గంటకీ రీడింగులు ఎందుకు రాసేవాళ్ళం? ఎవరి తప్పో మన నోటితో చెప్పకూడదురా, కాగితం చెప్పాలి."

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటేనే బాగుండేది.

సరే, లాగ్ చూద్దాం అన్నాను. లినక్స్‌లో ఉన్న సుఖం ఇదే, అడగాలే గానీ అది అన్నీ చెప్తుంది. ఈవీటెస్ట్ అని ఒక చిన్న ప్రోగ్రాం ఉంది. మౌసు నుంచి కెర్నెల్‌కి వచ్చే ప్రతి కదలికనీ, ప్రతి నొక్కునీ వచ్చింది వచ్చినట్టు, సమయంతో సహా గీసి చూపిస్తుంది. ఎడమ బటను నొక్కితే విలువ 1, వదిలితే 0. అడ్డంగా కదిలితే ఎక్స్, నిలువుగా కదిలితే వై. దానిపైన లిబ్‌ఇన్‌పుట్ అనే ఇంకో పొర ఉంటుంది, అది ఈ పచ్చి సమాచారాన్ని కాస్త శుభ్రం చేసి డెస్క్‌టాప్‌కి అందిస్తుంది. కాబట్టి గొడవ ఏ పొరలో ఉందో తెలియాలంటే ముందు అన్నిటికన్నా కింద చూడాలి. నాన్నకి ఇది చెప్పడానికి నేను తంటాలు పడుతుంటే ఆయనే అందుకున్నారు. "అర్థమైంది. ఏబీ స్విచ్చులు ఒక్కోటే ఓపెన్ చేసి ఏ సెక్షన్లో ఫాల్టుందో పట్టుకోవడం."

అంతే! నేను ఇంజనీరింగులో నాలుగేళ్ళూ, ఉద్యోగంలో ఆరేళ్ళూ కలిపి నేర్చుకున్న డీబగ్గింగు మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఉంది.

ఈవీటెస్ట్ పెట్టాం. మౌసు కదిలిస్తే గీతలు గీతలుగా పడుతున్నాయి. చెయ్యి తీసేశాం. రెండు సెకన్లు. ఎర్ర లైటు ఆరింది. మళ్ళీ మెల్లిగా కదిలిస్తే తెర మీద ఒక్క గీత కూడా లేదు. అంటే కెర్నెల్‌కే ఏమీ రావట్లేదు. నొక్కితే లైటు వెలిగింది, కానీ ఆ నొక్కు తెర మీద పడలేదు. మళ్ళీ నొక్కితే పడింది. నాన్న మూడు నెలల కిందట ఫోన్లో చెప్పింది అక్షరం పొల్లుపోకుండా నా కళ్ళముందు జరుగుతోంది.

రెండు సెకన్లు అన్న అంకె చూడగానే నా వీపున చెమట పట్టింది. యూఎస్‌బీ పరికరాన్ని వాడనప్పుడు నిద్రపుచ్చడానికి కెర్నెల్ మామూలుగా ఎదురుచూసే సమయం సరిగ్గా రెండు సెకన్లు. అయితే మౌసులకి ఆ నిద్ర మామూలుగా ఉండదు, ఎవరో ఒకరు పనిగట్టుకుని పెట్టాలి. ఆ పరికరం తాలూకు పవర్ డైరెక్టరీలో కంట్రోల్ అనే ఫైలు తెరిచి చూస్తే "ఆన్" అని ఉండాల్సిన చోట "ఆటో" అని ఉంది.

ఆ పనిగట్టుకున్నవాడు నేనే. నా లాప్‌టాప్‌లో బ్యాటరీ ఆదా కోసం పవర్‌టాప్ అనే ప్రోగ్రామ్‌ని మెషిను లేచిన ప్రతిసారీ ఆటోట్యూన్‌తో నడిపిస్తాను. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద నాన్న కంప్యూటరు ఇంకో పది నిమిషాలు ఎక్కువ నడుస్తుందిలే అని దీనికీ అదే పెట్టేశాను. అది కనపడ్డ యూఎస్‌బీ పరికరాలన్నిటినీ నిద్రపుచ్చే జాబితాలో రాసేసింది. జీవితమంతా కరెంటు సప్లై చేసినాయన ఇంట్లో కరెంటు పొదుపు చేద్దామని బయల్దేరాను చూడండి. కొత్త మౌసు కూడా కన్నెందుకు మూసిందో ఇప్పుడు తెలిసిందా? మౌసు మార్చినా పోని సమస్య, నేను పెట్టిందే.

"నాన్నా, ఇది నేను చేసిన పని" అని చెప్పాను.

"ఎలుకని నువ్వు జోకొట్టావన్నమాట" అన్నారు. మొదటిసారి కాస్త నవ్వారు.

ఆ సర్వీసు తీసేసి రీబూట్ చేశాం. కన్ను మూయట్లేదు. నేనక్కడితో లేవబోయాను. నాన్న కదల్లేదు. "ఒక ఫాల్టు దొరికిందని అక్కడితో ఆపేస్తావా? ట్రయల్ ఛార్జ్ చెయ్యి. నిలబడితేనే క్లియరయినట్టు."

ట్రయల్ ఛార్జ్ చేశాం. నిలబడలేదు.

ఎడమ బటను నొక్కి పట్టుకోమన్నాను, ఐదు సెకన్లు. తెర మీద 1 పడాలి, ఐదు సెకన్ల తర్వాత 0 పడాలి. మధ్యలో ఏమీ రాకూడదు. కానీ 1, తర్వాత 0, వెంటనే 1. కాసేపటికి మళ్ళీ 0, 1. పక్కనున్న సమయాలు తీసివేస్తే ఆ రెండిటి మధ్య తేడా 34 మిల్లీసెకన్లు, ఇంకోచోట 41, ఇంకోచోట 38. ఎంత చురుకైన వేలైనా అంత వేగంగా వదిలి మళ్ళీ నొక్కగలదా? పందెం వేసుకుని ఇద్దరం మార్చి మార్చి నొక్కి చూశాం, కొత్త మౌసు తగిలించి మరీ. నాకు డెబ్బై ఎనభై కన్నా తగ్గలేదు. నాన్నకి నూటముప్పై. అమ్మ వచ్చి పండగపూట తండ్రీకొడుకులు ఎలుకని టకటకలాడిస్తున్నారేంటని చూసి వెళ్ళిపోయింది.

అంటే ఆ 34 మిల్లీసెకన్ల పని మనిషిది కాదు, మౌసు లోపలి స్విచ్చుది. దానిలో ఒక పల్చటి రాగిరేకు స్ప్రింగులా వంగి కాంటాక్టుకి తగులుతుంది. టిక్కుమనే శబ్దం దానిదే. లక్షలసార్లు నొక్కాక రేకు బిగువు తగ్గుతుంది, కాంటాక్టు మీద పొర పేరుకుంటుంది, తగిలీ తగలనట్టు దడదడలాడుతుంది. ఇలాంటి దడని వడకట్టడానికి లిబ్‌ఇన్‌పుట్‌లో ఏర్పాటుంది గానీ, అది పాతిక మిల్లీసెకన్ల లోపు వచ్చేదాన్నే పట్టుకుంటుంది. అంతకన్నా పెంచితే నిజంగా వేగంగా నొక్కేవాళ్ళ నొక్కులు కూడా మింగేస్తుంది మరి. మా ఎలుక దడ ఆ జల్లెడ కన్నాల్లోంచి జారిపోతోంది. ఒక నొక్కు రెండవడం ఇందువల్లే. ఫోల్డర్ని పట్టుకుని జరుపుతుంటే మధ్యలో చెయ్యి వదిలినట్టు ఎక్కడ పడితే అక్కడ పడేయడం కూడా ఇందువల్లే.

ఇక్కడ చిన్న పిడకల వేట. 1964లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహించి, బిల్ ఇంగ్లిష్ తయారుచేసిన మొట్టమొదటి మౌసుది చెక్క పెట్టె, దానికి బటను ఒక్కటే. చెక్కది కాబట్టి మా నాన్న అరచేతికి బాగానే ఆనేదేమో.

కాంటాక్టు అన్న మాట వినగానే నాన్న ముఖం మారిపోయింది. అది ఆయన రాజ్యం. "ఎంత కరెంటు పోతుంది దాంట్లో?" అన్నారు. ఐదు వోల్టులు, ఏదో మిల్లీ యాంపియర్లలో అని చెప్పాను. కాంటాక్టుల మీద పేరుకునే పొరని చీల్చుకోవడానికి కనీసం ఇంత కరెంటు అని ఉండాలి, మౌసుల్లో వాడే అతి తక్కువ కరెంటుకి ఒక్కోసారి అది చాలదు, స్విచ్చులు పాడవడానికి అదీ ఒక కారణమని ఎక్కడో చదివింది కూడా చెప్పాను.

"భలే! మా దగ్గర కరెంటు ఎక్కువై కాంటాక్టులు కాలిపోయేవి. ఇక్కడ తక్కువై పాడవుతున్నాయా!"

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు కూడా అమ్మకి అదే చెప్పారు.

కానీ అన్నానికి లేవకముందు ఇంకోటి జరిగింది. దాని గురించే ఇదంతా రాయాలనిపించింది.

దడ సంగతి తేలాక, కొత్త మౌసుతో కూడా ఫోల్డర్లు ఎందుకు జరిగేవో నాకు అంతుపట్టలేదు. కొత్తదానికి దడ లేదు, టెస్టు చేశాం కదా. దాన్నే తగిలించి, ఒక ఫోల్డరు మీద మామూలుగా డబుల్ క్లిక్ చెయ్యమన్నాను. చేశారు. ఫోల్డరు తెరుచుకోలేదు, పక్కకి జరిగింది. ఈవీటెస్ట్ గీతలు చూశాను. ఎడమ బటను 1. తర్వాత ఎక్స్ 3, ఎక్స్ 4, వై మైనస్ 2, ఎక్స్ మైనస్ 5, ఎక్స్ 6, ఎక్స్ 5... అప్పుడు 0.

నొక్కడానికీ వదలడానికీ మధ్య చెయ్యి కదులుతోంది. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ.

నేను నొక్కి చూస్తే ఆ రెండిటి మధ్య ఏమీ లేదు, మహా అయితే ఒక 1.

నేను చూస్తున్నది నాన్న చూశారు. నేనేం మాట్లాడలేదు. స్క్రోల్ చేసి పైకి పంపేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది, అబద్ధమెందుకు.

"ఆ ఎక్స్, వై ఏంటి?"

చెప్పాను.

"అంటే వణుకుతోంది."

"కొంచెం."

"మరి ఫోన్లో నువ్వన్నది నిజమేగా?"

"నిజమే నాన్నా. కానీ చూడకుండా అన్నాను."

చాలాసేపు తెర వంకే చూస్తూ కూర్చున్నారు. ఆ గీతల్ని వేలితో లెక్కపెట్టారు, అర సెకనులో ఎన్నిసార్లు దిశ మారుతోందో. తర్వాత, "మూడు ఫాల్టులున్నాయి ఒకే ఫీడర్లో. నీదొకటి, ఎలుకదొకటి, నాదొకటి. అందుకే ఏది మార్చినా ట్రిప్పయింది" అన్నారు.

నేను ఫోన్లో వేసిన తర్కంలో రంధ్రం సరిగ్గా అదే. మౌసు మార్చినా సమస్య పోలేదు కాబట్టి మౌసు మంచిదే అన్నాను. ఉన్నది ఒక్కటే తప్పు అయినప్పుడు మాత్రమే ఆ మాట చెల్లుతుంది. మూడున్నప్పుడు ఒకదాన్ని తీసేస్తే మిగతా రెండూ గొడవ చేస్తూనే ఉంటాయి, తీసేసినది నిర్దోషిలా నిలబడుతుంది. ఇది నాకు తెలియనిది కాదు. ఆఫీసులో సర్వర్ల విషయంలో రోజూ చూసేదే. సర్వర్లకిచ్చిన మర్యాద నాన్నకివ్వలేదు, అంతే తేడా.

మర్నాడు పండగ. పొంగలి తిని, పాత సామాన్ల డబ్బాలోంచి ఎప్పటిదో చచ్చిన మౌసు ఒకటి తీశాం. దాని కుడి బటను స్విచ్చు బానే ఉంటుంది, కుడి బటను ఎవరు నొక్కుతారు కనక. దాన్ని పీకి మన మౌసు ఎడమ బటనులో పెట్టాలి. మూడే కాళ్ళు. నాన్న తన పాతిక వాట్ల సోల్డరింగ్ ఐరన్ తెచ్చుకుని, కళ్ళజోడు సర్దుకుని, బోర్డుని దగ్గరికి లాక్కున్నారు. ఆ ఐరన్‌తో ఆయన మా వీధిలో సగం ఇళ్ళ రేడియోలు బాగుచేశారు. మొన ఆ మూడు కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి వణుకు మొదలైంది. చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నంతసేపూ లేదు, పని దగ్గరికి వచ్చేసరికే. రెండుసార్లు ప్రయత్నించారు. మూడోసారి ఐరన్ పిడి నా వైపు తిప్పి అందించారు. "నువ్వు పెట్టు. నేను చెప్తా."

నేను పెట్టాను. ఆయన చెప్పారు. మొదటి జాయింటు మసకగా వచ్చిందని మళ్ళీ చేయించారు.

కనుమ దాటాక గుంటూరులో నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మా అందరి మనసులో ఉన్న పేరు పార్కిన్సన్స్, ఎవరం పైకి అనలేదు. డాక్టరు ఒక కాగితమిచ్చి చుట్టలు చుట్టలుగా గీత గియ్యమన్నారు, నీళ్ళ గ్లాసు పట్టుకోమన్నారు, నడవమన్నారు, ఇంట్లో పెద్దవాళ్ళకి ఎవరికైనా ఉండేదా అని అడిగారు. మా నాయనమ్మకి ఉండేది, ఆఖర్లో తల కూడా ఊగేది. పార్కిన్సన్స్ వణుకు సాధారణంగా చెయ్యి ఊరికే ఉన్నప్పుడు ఎక్కువ, ఇది పని చేసేటప్పుడు వస్తోంది, మిగతా లక్షణాలేవీ లేవు, దీన్ని ఎసెన్షియల్ ట్రెమర్ అంటారు, ఇబ్బందనిపిస్తే మాత్ర ఉంది, లేకపోతే అక్కర్లేదు అన్నారు. కుటుంబాల్లో వస్తుందిట కూడా. బస్సులో తిరిగొస్తూ నా చెయ్యి నేను చూసుకున్నాను.

నాన్న మాత్ర ఇప్పుడే వద్దన్నారు. "ముందు సెట్టింగు మార్చు" అన్నారు.

మార్చాను. ఎక్స్ఎఫ్‌సీఈ మౌసు సెట్టింగుల్లో రెండో పేజీలో ఉంటాయివి. నొక్కి ఎన్ని పిక్సెళ్ళు కదిలితే "జరపడం" అని లెక్కవెయ్యాలో ఒక అంకె ఉంటుంది, అది 8 ఉంటే 30 చేశాను. డబుల్ క్లిక్‌లో రెండు నొక్కుల మధ్య గడువు పెంచాను, ఆ రెండిటి మధ్య ఎంత దూరం జరగొచ్చో అదీ పెంచాను, పాయింటరు వేగం కాస్త తగ్గించాను. ఫైల్ మేనేజర్లో ఒక్క నొక్కుతోనే తెరుచుకునేలా కూడా పెట్టొచ్చు గానీ నాన్న ఒప్పుకోలేదు. "నాకు రెండు నొక్కులే అలవాటు. అది తెరుచుకున్నదాకా నొక్కుతా" అన్నారు. మొత్తం పని పది నిమిషాలు. ఆ పది నిమిషాల పని నవంబరులో చేసుంటే కమిటీలో ఆ మాట పడేవారు కాదు.

ఆ 8 పిక్సెళ్ళు ఎవరి చేతిని బట్టి పెట్టారో ఆలోచిస్తుంటే నవ్వూ వచ్చింది, చిరాకూ వచ్చింది. ఎవరిదో ఏముంది, రాసేవాళ్ళం మనమే, ఇరవైల్లో ముప్ఫైల్లో ఉన్న స్థిరమైన చేతులు. హైదరాబాదు వచ్చాక ఆఫీసులో నేను "యూజర్ ఎర్రర్" అని రాసి మూసేసిన పాత టికెట్లు తీసి చూశాను. ఒకే ఆర్డరు రెండుసార్లు పడిందన్న ఫిర్యాదులు పదకొండు ఉన్నాయి. "కస్టమర్ రెండుసార్లు నొక్కారు" అని నా చేతి రాతే. లాగులు తీస్తే నాలుగింటిలో రెండు రిక్వెస్టుల మధ్య తేడా యాభై మిల్లీసెకన్ల లోపే ఉంది. ఆ బటను ఒకసారి నొక్కగానే కాసేపు పనిచెయ్యకుండా చేయడానికి నాకు పట్టింది ఒక మధ్యాహ్నం. రివ్యూలో ఒకాయన "ఇప్పుడిది ఎందుకు?" అని అడిగారు. మా నాన్న గురించి చెప్పలేదు, మిల్లీసెకన్లు చూపించాను.

శ్రీరామనవమి ముందు కమిటీలో నాన్న లెక్కలు చదివారు, ప్రింటు తీసుకెళ్ళి. రూపాయి తేడా లేదు. ఇచ్చెయ్యమన్న కుర్రాడే వచ్చి "ఈ ఏడు కూడా మీరే చూడండి ఆపరేటరు గారూ" అన్నాడని అమ్మ చెప్పింది. నాన్న నాతో ఆ సంగతి అనలేదు. ఆయన నాతో చెప్పిందల్లా, కంప్యూటరు పక్కన ఒక రెండొందల పేజీల నోటుబుక్కు పెట్టుకున్నారని. తేదీ, సమయం, లక్షణం, ఏం చేస్తే పోయింది, అని నాలుగు గడులు గీసుకున్నారు. ప్రతి ఆదివారం ఫోను చేసి చదువుతారు. నేను మీటింగులో ఉంటే అయిపోయాక చెయ్యమంటాను, అప్పుడు కాగితం పెన్ను తీసుకుని కూర్చుంటాను.

ఎలుక గడిలో జనవరి తర్వాత ఏమీ లేదు. పోయిన ఆదివారం చదివినవి రెండే. ఒకటి, గురువారం ఉదయం ఏడూ నలభైకి తెర ఒకసారి ఆరి వెలిగింది, అది కరెంటు డిప్పు అని ఆయనే తేల్చేశారు. రెండోది ప్రింటరు, ప్రతి మూడో పేజీ ఖాళీగా వస్తోంది. దాని సంగతింకా తేలలేదు.